లేసు పువ్వుకి ఏ రంగు?

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. చేతిలో కొక్కెం సూది, దారపు ఉండ. అంతే! 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి మాత్రం తక్కువే.

లేసు పువ్వును రంగుగుడ్డ మీద కుట్టి, పూసలు చేర్చితే దిండు గలీబుకి ఎంత అందమో! ఏ రంగు నప్పుతుంది? అల్లింది విప్పితే రోజు కూలి పోయినట్టే. అందుకే ముందు ఫోటో తీసి, సెల్‌ఫోనులో రంగు మార్చి చూడొచ్చు. కానీ ఫోను రంగు వెలుతురుతో మెరుస్తుంది. దారం అలా మెరవదు. అందుకని చిన్న ముక్క అల్లి, పగటి వెలుతురులో చూడాలి.

ఆ ముక్క పారేయకండి. దారం రంగు, తూకం, పువ్వుల లెక్క, కూలి పుస్తకంలో రాసుకోండి. "రంగు తప్పింది" అని ఏజెంటు కూలి కోస్తే, ముక్కనూ రాతనూ చూపించొచ్చు.