డిప్ప మీద చెక్కిన ప్రశ్న

సుమారు 3,200 సంవత్సరాల క్రితం చైనాలో షాంగ్ వంశపు రాజు వూ డింగ్ తన రాణి ఫూ హావో ప్రసవం గురించి ప్రశ్న అడిగించాడు. శకునం చూసేవారు తాబేటి డిప్ప లోపలి వైపు గుంటలు తొలిచి, అక్కడ వేడి తాకించారు. డిప్ప చిట్లి రెండో వైపు పగుళ్లు తేలాయి. వాటిని రాజే చదివి, ఫలానా రోజులలో కాన్పయితే శుభమన్నాడు. ముప్పై ఒక్క రోజులకు, ఆయన చెప్పని రోజున, కాన్పయింది. ఆ ఫలితాన్నీ డిప్ప మీదనే చెక్కారు: శుభం కాలేదు, పుట్టినది ఆడశిశువు.

విచిత్రమేమంటే ఆ రాణి స్వయంగా సేనాని. 13,000 మంది సైన్యం ఆమె వెంట నడిచిందని మరొక శాసనం చెబుతున్నది. 1976లో ఆన్యాంగ్‌లో బయటపడిన ఆమె సమాధిలో వందకు పైగా ఆయుధాలు దొరికాయి. పుట్టబోయేది ఎవరన్న ఆత్రుత అక్కడితో ఆగలేదు. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధిస్తూ భారతదేశం 1994లో చట్టమే చేయవలసి వచ్చింది.

ఇటువంటి డిప్పలను, ఎముకలను చాలా కాలం మందుగా నూరి వాడుకున్నారు. వాటి మీది గీతలు ప్రాచీన లిపి అని వాంగ్ యిరాంగ్ అనే పండితుడు గుర్తించినది 1899లో. చైనా లిపికి లభించిన తొలి విస్తృత ఆధారాలు ఈ శకునాల చిట్టాలే.

డిప్పలు మ్యూజియంలకు చేరినా, వెదురు పుల్లలు, నెలవంక చెక్కలు నేటికీ వాడుకలో ఉన్నాయి. జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా వాసులకు అవి మరీ దూరం కాదు. టాటానగర్‌లో రైలెక్కి సుమారు 250 కిలోమీటర్లు వెళితే కోల్‌కతా. అక్కడి టిరెట్టా బజార్‌లో పాత చైనీయుల ఆలయాలున్నాయి.

భక్తుడు మోకరిల్లి, పుల్లలున్న గొట్టాన్ని ఒక పుల్ల జారిపడే వరకు ఊపుతాడు. దాని మీది సంఖ్యకు తగిన చీటీలో పద్యరూపంలో ఫలం ఉంటుంది. అయితే ఆ పుల్ల సరైనదేనా అని మళ్లీ దైవాన్నే అడగాలి. మన గుడులలో దేవుడి మీది పూవు కుడివైపు రాలితే సమ్మతి అనుకున్నట్లే, అక్కడ జంట చెక్కలను నేల మీద వేస్తారు. ఒక్కొక్క చెక్కకు ఒక వైపు చదును, మరొక వైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే అవును. రెండూ ఉబ్బు వైపు పైకి ఉంటే కాదు. రెండూ చదును వైపు పైకి ఉంటే దైవం నవ్విందని అర్థం. ప్రశ్న మార్చి అడగాలి.

రెండు వైపులా సమంగా పడే చెక్కలైతే అవును అనే జవాబుకే సగం అవకాశం. పెద్ద విషయాలకు వరుసగా మూడు అవునులు కోరడం వాడుక. అది ఎనిమిదింటిలో ఒక్కసారే వస్తుంది.