మీకు తెలుసా? స్లయిడర్ మీద నడిచే అంకె

హోమ్ లోన్ ఈఎంఐ ఎంతవుతుందో చూసుకోవడానికి సైటు తెరిస్తే, ఒక గీత మీద గుండ్రటి గుండీ కనిపిస్తుంది. దాన్ని అటూ ఇటూ జరుపుతుంటే నెత్తిన చిన్న బుడగ, అందులో అంకె. గుండీ ఎటు పోతే బుడగ అటు. చూసేవాళ్లకు అది చిటికెలో పని. పేజీ తయారుచేసేవాళ్లకు మాత్రం ఆ బుడగ పెట్టే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

● పుట్టడమే నడిమధ్యలో
హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్ టైపును ‘రేంజ్’ అని రాస్తే చాలు, స్లయిడర్ వచ్చేస్తుంది. ఇంకేమీ చెప్పకపోతే 0 నుంచి 100 దాకా, అడుగుకు 1 చొప్పున నడుస్తుంది. గుండీ సరిగ్గా 50 దగ్గర నిలబడుతుంది. మొదటి విలువ 150 అని రాసినా గీత దాటి పోదు, 100 దగ్గరే ఆగిపోతుంది.

● అంకెను ఉచితంగా చూపింది ఎవరంటే...
అందరూ ఆడిపోసుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే! దాని 10వ వెర్షన్‌లో గుండీని లాగుతుంటే విలువ దానంతటదే పైన కనిపించేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో ఆ సుఖం లేదు. బుడగను విడిగా తయారుచేసి మనమే గుండీ వెంట నడిపించాలి. ఇందుకు ‘అవుట్‌పుట్’ ట్యాగ్ బాగా పనికొస్తుంది. లెక్క ఫలితాలు చూపడానికే పుట్టిన ట్యాగ్ అది. అందులో మారిన అంకెను స్క్రీన్ రీడర్ కూడా చదివి వినిపించగలదు.

● చివర్లలో తప్పే లెక్క
బుడగను ఎక్కడ నిలబెట్టాలి? ఎవరికైనా ముందు తోచేది ఒకటే: విలువ ఎంత శాతమో, గీత పొడవులో అంత శాతం దూరాన. అక్కడే బోల్తా పడతాం.

గీత పొడవు 300 పిక్సెళ్లు, గుండీ వెడల్పు 20 అనుకోండి. విలువ 0 అయినప్పుడు ఈ లెక్కలో బుడగ 0 దగ్గర నిలబడుతుంది. గుండీ మాత్రం గీత దాటి బయటికి రాదు. దాని అంచు గీత అంచుకు తగిలి ఆగిపోతుంది కాబట్టి నడిబొడ్డు 10వ పిక్సెల్ దగ్గర ఉంటుంది. విలువ 100 అయ్యే రెండో చివర బుడగ 300 దగ్గర, గుండీ నడిబొడ్డు 290 దగ్గర. పావు వంతులో, అంటే 25 దగ్గర, తేడా 5 పిక్సెళ్లకు తగ్గుతుంది. 50 దగ్గర రెండూ 150 మీదే కలుస్తాయి. స్లయిడర్ పుట్టేది నడిమధ్యలోనే కదా, అందుకే పేజీ తెరవగానే అంతా సవ్యంగానే కనిపిస్తుంది!

గుండీ నిజంగా తిరిగే దూరం 300 కాదు, 280. గీత పొడవులోంచి గుండీ వెడల్పు తీసేయండి. మిగిలినదాన్ని విలువ వంతుతో గుణించి, గుండీలో సగం కలపండి. సీఎస్ఎస్‌లో ‘కాల్క్’తో ఇది ఒక్క వరుస. ఆపైన బుడగను దాని వెడల్పులో సగం వెనక్కి జరిపితే గుండీకి సరిగ్గా నడినెత్తిన కూర్చుంటుంది.

● 9 కన్నా 10 చిన్నదా?
స్లయిడర్ నుంచి వచ్చే ‘వాల్యూ’ చూడ్డానికి అంకెలా ఉన్నా జావాస్క్రిప్ట్‌కు అది స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. 9కి 1 కలిపితే 10 రాదు, 91 వస్తుంది. రెండు స్లయిడర్ల విలువలు పోలిస్తే నిఘంటువు వరుసలో 10 ముందొచ్చి, 9 పెద్దదవుతుంది. ‘వాల్యూ యాజ్ నంబర్’ అని అడిగితే అసలైన అంకె చేతికొస్తుంది.

● బుడగ నిద్రపోయిందా?
గుండీని లాగుతున్నంతసేపూ అంకె కదలక, వదిలాక ఒక్కసారిగా గెంతితే తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు. ‘ఛేంజ్’ ఈవెంట్ గుండీని వదిలాకే పలుకుతుంది. లాగుతున్నప్పుడు అడుగడుగునా పలికేది ‘ఇన్‌పుట్’ ఈవెంట్.

● ఒకే గుండీ, రెండు పేర్లు
సీఎస్ఎస్‌లో గుండీ పేరు ‘థంబ్’, అంటే బొటనవేలు. దాని రూపం మార్చాలంటే క్రోమ్, సఫారీల్లో ‘వెబ్‌కిట్ స్లయిడర్ థంబ్’ అని, ఫైర్‌ఫాక్స్‌లో ‘మోజ్ రేంజ్ థంబ్’ అని పిలవాలి. పని తగ్గుతుందని రెంటినీ కామాతో కలిపి ఒకే రూల్‌గా రాస్తే, తనకు తెలియని పేరు చూసిన క్రోమ్ మొత్తం రూల్‌నే పక్కన పడేస్తుంది. విడివిడిగా రెండుసార్లు రాయక తప్పదు. రంగు ఒక్కటి మారితే చాలనుకునేవాళ్లకు 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలోకి వచ్చిన ‘యాక్సెంట్ కలర్’ ఉంది.

● ఉర్దూ పేజీలో ఎదురు నడక
పేజీ దిశ కుడి నుంచి ఎడమకు మారితే స్లయిడర్ కూడా తిరగబడుతుంది, 0 కుడివైపుకు వెళ్తుంది. దూరాన్ని ‘లెఫ్ట్’ నుంచి కొలిచిన బుడగ మాత్రం పాత దారినే పట్టుకుని గుండీకి ఎదురు నడుస్తుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉర్దూ రెండో అధికార భాష కాబట్టి ఇది మనకు పట్టని సంగతి కాదు. ‘లెఫ్ట్’ బదులు ‘ఇన్‌సెట్ ఇన్‌లైన్ స్టార్ట్’ వాడి, సగం వెడల్పు జరపడాన్ని కూడా కుడివైపుకు మారిస్తే సరిపోతుంది.

● బుడగలో తెలుగు అంకెలు
500,000 అని చూపిస్తే మనవాళ్లు ఒక్క క్షణం ఆగి సున్నాలు లెక్కపెట్టుకోవాలి. జావాస్క్రిప్ట్‌కు భాష తెలుగు, దేశం ఇండియా అని చెబితే కామాలు లక్షల లెక్కకు మారి 5,00,000 అవుతుంది. అంకెల లిపి కూడా తెలుగే కావాలని అడిగితే ౫,౦౦,౦౦౦ అని చూపిస్తుంది. విడిగా ఫంక్షన్ రాసే పనే లేదు.

● ఒక్క పిక్సెల్ ఖరీదు దాదాపు 34 వేలు!
మళ్లీ మన హోమ్ లోన్ దగ్గరికే వద్దాం. స్లయిడర్ 5 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉందనుకోండి. 95 లక్షల తేడాను గుండీ తిరిగే 280 పిక్సెళ్లకు పంచితే, ఒక్కో పిక్సెల్ వాటా సుమారు 33,900 రూపాయలు. ఫోన్ మీద వేలు వెంట్రుకవాసి కదిలితే అప్పు వేలల్లో మారిపోతుంది. సరిగ్గా 32,50,000 దగ్గర ఆపాలంటే ఎవరి తరం? అసలు హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే రేంజ్‌ను కచ్చితమైన విలువ ముఖ్యం కాని చోట వాడేదిగా చెప్పారు. ఇది ఉజ్జాయింపు కోసం పుట్టిన పనిముట్టు. వాల్యూమ్‌కూ వెలుతురుకూ దివ్యంగా సరిపోతుంది, డబ్బు లెక్కకు ఒంటరిగా చాలదు.

కాబట్టి స్లయిడర్ తయారుచేసేవాళ్లకు ఒక్క మాట. బుడగ నడిమధ్యలో కుదిరిందని సంబరపడకండి, ఆ చివరికీ ఈ చివరికీ లాగి చూడండి. పక్కనే అంకె టైపు చేసుకునే పెట్టె ఒకటి పెట్టండి.