వీధే పలక, నడకే బలపం

మా ఇంట్లో మంచం కింద ఒక జత బూట్లు ఉన్నాయి. రెండేళ్ళ కిందట మా ఇంటావిడకు షుగరు ఉందని తేలిన వారంలో కొన్నవి. "రోజుకు అరగంట నడవాలమ్మా, ఎన్ని మందులు రాసినా నడక తప్పదు" అని డాక్టరుగారు మరీమరీ చెప్పి పంపారు. మొదటి పది రోజులు ఫజ్ర్ నమాజు కాగానే బుర్ఖా వేసుకుని, ఆ బూట్లు తొడుక్కుని బయలుదేరింది. పదకొండో రోజు మోకాలు నొప్పి అంది. పన్నెండో రోజు చుట్టాలు వచ్చారు. ఆ తర్వాత బూట్లు మంచం కిందికి చేరాయి. మేము ఒకటి రెండుసార్లు కసిరాము, నాలుగుసార్లు బతిమాలాము. చివరికి ఆవిడ ఒకే ఒక ప్రశ్న వేసింది.

"నడిచి ఎక్కడికి పోవాలండీ? వెళ్ళినచోట పని లేదు, మళ్ళీ వెనక్కి రావడమే గదా!"

నిజం చెప్పొద్దూ, మా దగ్గర జవాబు లేకపోయింది. చెల్లెలి ఇంటికైతే ఆవిడ మండుటెండలో కూడా నడిచి వెళ్తుంది. బజారులో రెండు గంటలు తిరిగినా అలసట అనదు. కాళ్ళలో సత్తువ ఉంది. నడకకు ఒక పని లేదు, అంతే.

ఈ బాధ మా ఒక్క ఇంటిది కాదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. మన దేశంలో షుగరు వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క తేల్చింది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ సంగతులు తెలియక నడవనివాళ్ళు తక్కువే. తెలిసీ నడవనివాళ్ళే మన ఇళ్ళలో ఎక్కువ.

నాట్యమాడే గీతల మనిషి

డిగ్రీ చదువుతున్న మా రెండోవాడు ఒక రాత్రి సెల్‌ఫోను తెచ్చి వాళ్ళ అమ్మీ ముందు పెట్టాడు. తెర మీద ఒక ఊరి పటం. దాని మీద గీతలతో వేసిన ఒక మనిషి, నెత్తిన టోపీ, ఎగురుతూ నాట్యం చేస్తున్నాడు. కెనడా దేశంలోని టొరంటో నగరంలో డంకన్ మెక్‌కేబ్ అనే ఆయన 2024లో చేసిన పని అది. ఆయన వృత్తి లెక్కలు చూసుకోవడం. పరుగుకు వెళ్ళినప్పుడల్లా తన దారిని ఒక బొమ్మ ఆకారంలో మలుచుకున్నాడు. ఒక్కో పరుగుకు ఒక్కో బొమ్మ. దాదాపు పది నెలల్లో 120 దాకా పరుగులు తీసి, ఆ బొమ్మలన్నీ వరుసగా చూపిస్తే సినిమాలో మాదిరి ఆ మనిషి కదిలాడు!

"ఈయన పరిగెత్తడానికి బొమ్మ వేశాడా, బొమ్మ వేయడానికి పరిగెత్తాడా?" అని మా ఆవిడ అడిగింది. అసలు కిటుకు ఆ ప్రశ్నలోనే ఉందని మాకు అనిపించింది.

ఇది మొన్న మొన్న పుట్టిన వింత కాదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని మనం ఎక్కడున్నామో చెప్పే ఏర్పాటును జీపీఎస్ అంటారు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందితే మన చోటు తెలుస్తుంది. మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ అడ్డు తీసేశారు. దాంతో తేడా ఇరవై మీటర్ల దరిదాపులకు తగ్గింది. బ్రిటన్‌లో జెరెమీ వుడ్ అనే చిత్రకారుడు ఆ ఏడాది నుంచే తన రాకపోకలతో బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు చేతిలో ఉండే ఫోను ఆరుబయట అయిదు మీటర్ల తేడాతో చెప్పేస్తోంది. వీధి ఏదో తెలియడానికి అది చాలు.

జపాన్‌లో యసుషి తకహషి అనే ఆయనదైతే మరీ పెద్ద సాహసం. తాను పెళ్ళాడదలచిన అమ్మాయిని అడగడానికి దేశం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్రయాణించి, 'నన్ను పెళ్ళి చేసుకో' అన్న మాటను ఆంగ్లంలో పటం మీద రాశాడు. కొంత కారులో, కొంత ఓడలో, కొంత సైకిలు మీద, కొంత కాలినడకన ఏడు వేల కిలోమీటర్లకు పైగా తిరిగాడు. 2010లో అది గిన్నిస్ రికార్డుకెక్కింది. అమ్మాయి ఒప్పుకుంది కూడా. మా చిన్నమ్మాయి అది విని, "ఆయన మెహర్ అప్పటికే కట్టేసినట్టు గదా!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

మాకు మాత్రం వీళ్ళందరికంటే రికీ గేట్స్ అనే అమెరికా పరుగువీరుడు నచ్చాడు. ఆయన 2017లో తన దేశాన్ని ఒక తీరం నుంచి మరో తీరానికి కాలినడకన, పరుగున దాటాడు. మరుసటి ఏడాది ఎక్కడికీ పోకుండా శాన్‌ఫ్రాన్సిస్కో అనే ఒక్క నగరాన్ని పట్టుకుని, అందులోని ప్రతి వీధినీ తొక్కాడు. 46 రోజులు, 1,300 మైళ్ళకు పైగా. ఆ నగరమేమో అటూ ఇటూ ఏడేసి మైళ్ళకు మించదు! ఇందులో బొమ్మ లేదు, అక్షరం లేదు. నడిచిన వీధికి పటం మీద రంగు పూయడమే. ఇలాంటి పనికి ఫోను కూడా అవసరం లేదు. ఊరి పటం ఒకటి గోడకు అతికించి, చేతిలో రంగు పెన్సిలు ఉంటే చాలు.

దీన్ని చదివినప్పుడు మాకు ఈద్‌గాహ్ దారి గుర్తుకొచ్చింది. పండుగనాడు దైవప్రవక్త (స) ఒక దారిన వెళ్ళి మరో దారిన తిరిగివచ్చేవారని హదీసు ఉంది. మన ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ పిల్లల్ని అలాగే తీసుకెళ్తారు. ఏడాదికి రెండుసార్లు చేసే ఆ పని వారానికి ఒకసారి చేస్తే, పుట్టి పెరిగిన ఊళ్ళోనే మనం ఎన్నడూ చూడని వీధులు ఎన్ని బయటపడతాయో!

పేరు మీద వచ్చిన తగవు

మాది గుంటూరు. మేముండే ఆనందపేట సందులు పాము నడిచినట్టు వంకరలు తిరిగి ఉంటాయి. బొమ్మలకు అవి పనికిరావు. సందు ఇరుకైతే సంకేతం గోడలకు తగిలి చెదిరి, ఫోనులో గీత ఇళ్ళ కప్పుల మీదుగా పోతుంది. ఒక రోజు మా వాడు జిన్నా టవరు దాకా వెళ్ళివస్తే, ఆ గీత చూసి "పక్కింటివాళ్ళ వంటింట్లోంచి పోయావేమిరా" అని అడిగాము. బ్రాడీపేట అలా కాదు. లైన్లు ఒక వరుస, అడ్డరోడ్లు ఒక వరుస, చదరంగం పలక మాదిరి. అక్కడి చిరునామాలు కూడా 4/14 అని లెక్కల్లో ఉంటాయి, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. గళ్ళ కాగితం పరిచినట్టే గదా.

ఆ గళ్ళు చూడగానే మా వాడికి ఒక ఆలోచన తట్టింది. అరబ్బీ రాతలో చదరపు కూఫీ అనే పద్ధతి ఉంది. వంపులు ఉండవు, అన్నీ నిలువు గీతలూ అడ్డ గీతలే. ఇటుకలతో, పలకలతో గోడల మీద రాయడానికి వీలుగా ఉంటుందని ఇరాన్, మధ్య ఆసియా కట్టడాల మీద విరివిగా వాడారు. సమర్కందులోని గూర్-ఎ-అమీర్ గోడల మీద ఇప్పటికీ చూడవచ్చు. అదే పద్ధతిలో బ్రాడీపేట వీధుల మీద ప్రవక్త (స) పేరు రాస్తానన్నాడు.

మా అమ్మ, అంటే పిల్లల దాదీ, తస్బీహ్ పక్కన పెట్టింది.

"ఆ పేరును కాళ్ళతో రాస్తావా?"

"కాళ్ళతో కాదు దాదీ, ఫోనులో పడుతుంది. నేల మీద ఏమీ ఉండదు."

"నడిచేది నేల మీదేగా. ఆ దారిలో మురికి కాలువ ఉంటుంది, కుక్కలుంటాయి. కాగితం ముక్క మీద ఆ పేరు కనిపిస్తే తీసి ఎత్తున పెట్టాలని నీకు నేర్పింది నేను కాదూ?"

మా వాడు చాలాసేపు వాదించాడు. నేల మీద గీత లేనప్పుడు అగౌరవం ఎక్కడిదని వాడి వాదం. మేము ఎవరినీ ఫత్వా అడగలేదు, అడగాల్సినంత సంగతి అనీ అనుకోలేదు. కాని మా మనసు ముసలావిడ వైపే మొగ్గింది. చివరికి "మరి ఏం గీయమంటావు?" అని వాడు విసుగ్గా అడిగితే, ఆవిడ స్టవ్ వైపు చూసి "చాయ్ కేటిల్ గీయి" అంది.

గళ్ళ కాగితం బయటికొచ్చింది

ఇక్కడే మేము ఊహించనిది జరిగింది. కేటిల్ కొమ్ము ఏటవాలుగా ఉంటుంది. వీధులేమో అడ్డం, నిలువు. ఎలా గీయాలో తెలియక వాడు తల పట్టుకుంటే, మా ఆవిడ పెట్టెలోంచి పాత గళ్ళ కాగితాలు తీసింది. పెళ్ళికి ముందు ఆవిడ మేటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ కుట్టేది. గులాబీ పువ్వు కూడా అందులో గళ్ళుగళ్ళుగానే వస్తుంది. "ఏటవాలు కావాలంటే మెట్లు కట్టాలిరా. ఒక గడి పైకి, ఒక గడి పక్కకి" అని పది నిమిషాల్లో కొమ్ము గీసి ఇచ్చింది. కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళున్న ఇంట్లో ఈ పనికి కంప్యూటరు అక్కర్లేదని మా అభిప్రాయం.

తర్వాత చేతిపిడి దగ్గర చిక్కు వచ్చింది. కలం ఎత్తకుండా గీయాలి, ఎందుకంటే నడిచేవాడు ఒకచోట మాయమై మరోచోట తేలలేడు. ఈ లెక్కకు పాత చరిత్ర ఉంది. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఏడు వంతెనలను ఒక్కొక్కటి ఒకేసారి దాటుతూ తిరిగి రావచ్చా అన్న చిక్కును ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 1736లో తేల్చాడు. బొమ్మలోని కూడళ్ళలో బేసి సంఖ్యలో గీతలు కలిసేవి ఎన్నో లెక్కపెట్టాలి. అలాంటివి అసలు లేకపోయినా, రెండే ఉన్నా, గీసిన గీత మళ్ళీ గీయకుండా బొమ్మ పూర్తవుతుంది. అంతకు మించితే కొన్ని వీధులు రెండుసార్లు నడవాలి. నడిస్తే నష్టం లేదు, గీత మీద గీత పడుతుంది. మా కేటిల్‌లో బేసి కూడళ్ళు నాలుగు వచ్చాయి. "రెండుసార్లు నడిస్తే షుగరు రెండింతలు తగ్గుతుంది లే" అని దాదీ తీర్పు చెప్పింది. అలాంటి లెక్క ఏ డాక్టరూ చెప్పలేదు కాని, ఎవరమూ ఆవిడ మాట కాదనలేదు.

మొదటి ఆదివారం మా వాడు ఒక్కడే పరుగుకు పోయాడు. ఎవరిదో ఫోను వస్తే మాట్లాడి, యాప్‌ను మళ్ళీ నడిపించడం మరిచాడు. కేటిల్‌కు అడుగు లేకుండా పోయింది. రెండో ఆదివారం కుక్కలు తరిమితే ఒక అడ్డరోడ్డు ముందే తిరిగాడు. కేటిల్ మేక అయింది. మూడో ఆదివారం తెల్లవారుజామున మా ఆవిడ మంచం కింద నుంచి బూట్లు తీసింది. "వీడికి గడులు లెక్కపెట్టడం రాదు, నేను పక్కన ఉంటేగాని కాదు" అంది.

ఆడవాళ్ళు వీధుల్లో నడిస్తే ఏమనుకుంటారో అని వెనకాడే ఇళ్ళు మన వాళ్ళలో ఉన్నాయి. హజ్రత్ ఆయిషా (రజి)తో ప్రవక్త (స) ఒక ప్రయాణంలో పరుగు పందెం వేశారని, మొదటిసారి ఆమే గెలిచారని హదీసు గ్రంథాల్లో నమోదైంది. ఆ తర్వాత మాట్లాడేవాళ్ళ మాటలకు మేము పెద్ద విలువ ఇవ్వం.

అయితే ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పరుగుల లెక్క రాసే యాప్‌లలో కొన్ని మన దారిని లోకమంతటికీ చూపిస్తాయి. స్ట్రావా అనే సంస్థ తన వాడకందార్ల దారులన్నీ కలిపి ఒక ప్రపంచ పటం వేస్తే, అఫ్ఘానిస్తాన్, సిరియా ఎడారుల్లో పరిగెత్తే సైనికుల జాడలతో సైనిక స్థావరాలు బయటపడ్డాయని 2018 జనవరిలో గగ్గోలు పుట్టింది. సైన్యానికే ఆ పాటైతే మన ఇళ్ళ సంగతేమిటి? ఏ ఆడపిల్ల ఏ గుమ్మంలోంచి ఎన్ని గంటలకు బయలుదేరుతుందో పరాయివాడికి తెలియకూడదు. అందుకని మేము యాప్‌లో 'నాకు మాత్రమే' అన్న ఏర్పాటు పెట్టుకున్నాం. ఇంటి దగ్గర కాక, స్కూటరు ఆపిన చోటు నుంచే గీత మొదలుపెడతాం. బొమ్మ అందరికీ చూపాలనిపిస్తే తెర ఫోటో తీసి చుట్టాలకు పంపితే సరిపోతుంది. నడిచేటప్పుడు ఫోను చూస్తూ రోడ్డు దాటవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాం. గళ్ళ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడమే మేలు.

ఇప్పటికి ఏడు వారాలైంది. కేటిల్ మొత్తం ఒక్కరోజులో నడవడం మా ఆవిడ మోకాలికి కష్టమని దాన్ని ముక్కలు చేశాం. అడుగు ఒక వారం, పొట్ట రెండు వారాలు, కొమ్ము ఒక వారం, చేతిపిడి రెండు వారాలు. ఒక వారం వానకు పోయింది. మధ్య రోజుల్లో ఆనందపేట సందుల్లోనే నడిచి, గోడ మీది పటంలో ఆకుపచ్చ రంగు పూస్తోంది. మూడు నెలల షుగరు పరీక్ష వచ్చే నెలలో ఉంది, చీటీ ఎలా వస్తుందో చూడాలి. కేటిల్‌కు మూత ఒక్కటే మిగిలింది. ఎనిమిది దాటితే బ్రాడీపేటలో ట్యూషన్లకు పోయే పిల్లల సైకిళ్ళు, స్కూటర్లు నిండిపోతాయి కాబట్టి, ఈ ఆదివారం ఫజ్ర్ కాగానే బయలుదేరాలని ఆవిడ రాత్రే అందరికీ చెప్పేసింది. మూత అయ్యాక కప్పులు గీయాలట. ఎన్ని కప్పులని అడిగితే, ఇంట్లో ఎంతమందిమో లెక్కపెట్టుకోమంది.