కామా ఖరీదు యాభై లక్షల డాలర్లు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ అనే పాల డెయిరీ ఉంది. ఓవర్‌టైం డబ్బులు ఇప్పించమని దాని డ్రైవర్లు కోర్టుకెక్కారు. పాడైపోయే సరుకులతో చేసే కొన్ని పనులకు ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదని ఆ రాష్ట్ర చట్టం. ఆ పనుల జాబితా డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వ చేయడం అంటూ సాగి చివర్లో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ దగ్గర ఆగుతుంది. పేచీ అంతా ఆ ‘ఆర్’ ముందే. అక్కడ కామా ఉంటే ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పని. లేదు కాబట్టి ‘రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడం’ అని రెండూ కలిపి ఒకే పనిగా కూడా చదువుకోవచ్చు. డ్రైవర్లు పాలు చేరవేస్తారు గానీ ప్యాక్ చేయరు కదా! అంటే మినహాయింపు వాళ్లకు వర్తించదన్నమాట. అర్థం ఎటూ తేలనప్పుడు కార్మికుడి వైపే మొగ్గాలని 2017లో బోస్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

జాబితాలో ఆఖరి అంశం ముందు పెట్టే ఈ గుర్తునే ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. తమాషా ఏమిటంటే, అక్కడ కామా వద్దని మెయిన్‌లో చట్టాలు రాసేవాళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. కేసు తర్వాత శాసనసభ ఆ జాబితాలో కామాల బదులు సెమీకోలన్లు పెట్టేసింది. వేలు కాలాక చూపించిన జాగ్రత్త!

కామా సంగతి అలా ఉంచితే, ఒక్క ‘ఎస్’ ఏం చేసిందో చూడండి. బ్రిటన్‌లో కంపెనీల రిజిస్టరు చూసే కంపెనీస్ హౌస్ 2009లో ‘టేలర్ అండ్ సన్’ దివాలా తీసిందని నమోదు చేయబోయి ‘టేలర్ అండ్ సన్స్’ పేరు మీద నమోదు చేసింది. ఆ రెండోది కార్డిఫ్‌లో నిక్షేపంగా నడుస్తున్న ఇంజినీరింగ్ సంస్థ. కొద్ది రోజుల్లోనే తప్పు దిద్దారు గానీ, అప్పటికే సమాచారం రుణ పరపతి లెక్కగట్టే ఏజెన్సీలకు చేరిపోయింది. సరుకిచ్చేవాళ్లు అరువు ఆపేశారు. కంపెనీ మూతపడింది, 250 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. బాధ్యత కంపెనీస్ హౌస్‌దేనని 2015లో లండన్ హైకోర్టు తేల్చింది.

నిఘంటువులు మాత్రం తప్పు చేయవా? 1934లో వచ్చిన వెబ్‌స్టర్ మహా నిఘంటువులో ‘డోర్డ్’ అనే మాట ఉంది. అర్థం: సాంద్రత. అసలు అలాంటి మాటే లేదు. ‘పెద్ద డి గానీ చిన్న డి గానీ సాంద్రతకు సంకేతం’ అని రసాయనశాస్త్ర సంపాదకుడు ఒక చీటీ పంపాడు. ‘డి ఆర్ డి’ అన్న మూడు ముక్కల్నీ కలిపి ఎవరో ఒకే మాటగా చదివేశారు. 1939లో ఒక సంపాదకుడు, ‘దీనికి వ్యుత్పత్తి ఏదీ?’ అని ఆరా తీస్తే గుట్టు రట్టయింది. అయిదేళ్లపాటు ఎవరికీ దొరక్కుండా దర్జాగా బతికిన మాట పాపం.

లేని మాటల్లాగే లేని నియమాలూ ఉంటాయి. ఇంగ్లిష్ వాక్యం చివర ‘టు’, ‘విత్’, ‘ఫర్’ లాంటి ప్రిపోజిషన్ రాకూడదని బడిలో బెత్తంతో నేర్పినవాళ్లున్నారు. 1672లో జాన్ డ్రైడన్ అనే కవి ఎత్తిచూపిన తప్పు అది. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణ పుస్తకంలో, మాటల్లో ఫరవాలేదు గానీ గంభీరమైన రచనలో మానుకుంటే మేలన్నాడు. అలా చివర పెట్టే అలవాటు వైపు ఇంగ్లిష్ భాష మొగ్గు చూపుతుందని చెప్పిన ఆయన మాటలే ‘టు’తో ముగుస్తాయి! తర్వాతి పంతుళ్లు ఆ ‘మేలు’ను నిషేధంగా మార్చారు. నన్నడిగితే ఈ నియమాన్ని నిశ్చింతగా మరిచిపోవచ్చు.

అపాస్ట్రఫీది ఇంకో గోల. దాన్ని కాపాడేందుకు జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు 2001లో ఇంగ్లండ్‌లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. 2019లో, తొంభై ఆరేళ్ల వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయంటూ చేతులెత్తేశాడు. ‘ఇట్స్’ దగ్గర తడబడేవాళ్లకు చిట్కా ఒకటే: ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో విడదీసి చదివితే అర్థం కుదిరిందా, అపాస్ట్రఫీ పెట్టండి. కుదరలేదా, వద్దు.

ఇక మన సొంత సరుకు, మనవాళ్ల ఇంగ్లిష్. ‘డిస్కస్ అబౌట్’ అన్నచోట ‘అబౌట్’ అక్కర్లేదు. ‘గురించి మాట్లాడుకున్నాం’ అనే అలవాటు అక్కడ దూరింది. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ దండగ. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అంటే తప్పే, ‘ఫ్రెండ్స్’ అనాలి, ఉన్నవాళ్లలో ఒకరు కాబట్టి. ‘ప్రీపోన్’ను మాత్రం ఎవరైనా వెక్కిరిస్తే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపించండి, అందులో ఉంది. ‘కజిన్ బ్రదర్’ జోలికీ నేను వెళ్లను. అత్త కొడుకో, పెదనాన్న కొడుకో ఎలాగూ చెప్పలేకపోయినా, కనీసం మగాడని అయినా తెలుస్తుంది.

అసలు చిక్కు వ్యాకరణం సరిగ్గానే ఉండి, అర్థం మారిపోయే చోట. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న ఉందని. అమెరికా మేనేజరుకు అది, మీరు తన మాట నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. ‘క్వశ్చన్’ అంటే ఏ గొడవా ఉండదు. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే ఆ ఏడాది మీరు స్పృహ తప్పి పడిపోయారని వాళ్లకు అర్థం. అంకెల్లో కామా కూడా అంతే: మన పది లక్షలు 10,00,000, వాళ్ల మిలియన్ 1,000,000. సున్నాలు అవే, కామాల చోటే వేరు. విదేశానికి పంపబోయే రెజ్యూమె మీ దగ్గరుంటే ఒకసారి తెరవండి. ‘పాస్డ్ అవుట్’ కనిపిస్తే ‘గ్రాడ్యుయేటెడ్’ అని మార్చి, జీతం అంకెలో కామాలు సరిచూసుకుని, అప్పుడు పంపండి.