కుందలహళ్ళి నుంచి కడలి అడుగుకు

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. కుందలహళ్ళి గేటు దగ్గర పీజీలో ఉంటూ, వారాంతంలో మురుడేశ్వర్ తీరానికి దగ్గర్లోని నేత్రాణి దీవికి వెళ్ళి స్కూబా చేసొచ్చే మన కుర్రాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే. నీటి అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. పైకొచ్చాక మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే గాలి పలచబడే ఎత్తుకు వెళితే బుడగలు కట్టి, కీళ్ళనొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా తెచ్చిపెట్టొచ్చు. అందుకే ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమంటారు. డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ లెక్కలో ఈ జాగ్రత్త 600 మీటర్ల ఎత్తు నుంచే మొదలవుతుంది. అంటే మురుడేశ్వర్ నుంచి ఘాట్ ఎక్కి బెంగళూరు చేరే బస్సుకైనా రైలుకైనా ఇదే వర్తిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం బోటు దిగి, సోమవారం ఆఫీసు కోసం ఆ సాయంత్రమే బస్సెక్కొద్దు. ఒకరోజు సెలవు పోయినా సరే, ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకోండి.

డైవర్ వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని పేపర్లలో తరచూ రాస్తారు. మామూలు డైవింగ్‌లో అందులో ఉండేది మనం పీల్చే గాలే. వడకట్టి, తేమ తీసేసి, సుమారు 200 బార్ల ఒత్తిడితో కుక్కుతారు. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో రెండు వేల లీటర్లకు పైగా గాలి పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటి దిగితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు, సిలిండర్ ఖాళీ అయ్యే వేగమూ నాలుగింతలే. లోతుకు తగ్గ ఒత్తిడితో, ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చే రెగ్యులేటర్‌ను 1943లో ఫ్రాన్స్‌లో ఝాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేశారు.

తిరుమల ఘాట్ రోడ్డెక్కేటప్పుడు చెవులు దిబ్బడేయడం అందరికీ తెలుసు. తిరుపతి నుంచి కొండ మీదికి గాలి ఒత్తిడిలో వచ్చే మార్పు మొత్తం కలిపినా ఒక్క మీటరు లోతు నీళ్ళ ఒత్తిడికి సమానం కాదు. అందుకే ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం నీళ్ళలో మొదటి మీటరు నుంచే మొదలుపెట్టాలి. నొప్పి వచ్చాక ఊదితే అప్పటికే ఆలస్యం.

ఊళ్ళో బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళకు మునిగేముందు ఊపిరి బిగబట్టడం అలవాటు. స్కూబాలో మొట్టమొదటి నియమం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది, ఊపిరితిత్తులు అంత సాగవు. చిన్ననాటి నుంచి ఒంటబట్టిన ఈ అలవాటును మాన్పించడమే డైవింగ్ మాస్టారికి కష్టమైన పాఠాల్లో ఒకటి.

2011లో వచ్చిన ‘జిందగీ నా మిలేగీ దొబారా’లో కత్రినా కైఫ్ వేసింది డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ పాత్ర. స్పెయిన్ తీరం, నీలి నీళ్ళు, నీళ్ళంటే భయపడే హృతిక్. దేశాలు తిరుగుతూ డైవింగ్ నేర్పి బతకొచ్చన్న ఊహ మన ఉద్యోగుల్లో చాలామందికి ఆ సినిమాతోనే కలిగి ఉంటుంది. అది నిజమైన ఉద్యోగమే, అయితే మెట్లున్నాయి. 1966లో అమెరికాలో పుట్టిన పాడీ సంస్థ పద్ధతిలో మొదటి కోర్సు ఓపెన్ వాటర్. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీళ్ళపై తేలాలి. అది పూర్తిచేసినవాళ్ళు 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఆపైన అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్. 60 డైవ్‌లు లేనిదే డైవ్‌మాస్టర్ సర్టిఫికెట్ ఇవ్వరు, 100 లేనిదే ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పెట్టేది నేర్పిన గురువు కాదు, సంస్థ పంపే ఎగ్జామినర్. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. బెంగళూరులో పాఠాలు, స్విమ్మింగ్ పూల్ సాధన అయిపోతాయి గానీ వంద డైవ్‌లకు సముద్రం కావాలి. వానాకాలంలో నేత్రాణి మూతపడుతుంది. అందుకే చాలామంది అండమాన్‌కో, థాయ్‌లాండ్‌కో కొన్ని నెలలు మకాం మారుస్తారు.

మాస్టారి పని ఎలాంటిదో చూడాలంటే ఒక్క అభ్యాసం చాలు. గాలి అయిపోతే ఏం చేయాలో నేర్పడానికి, 6 నుంచి 9 మీటర్ల లోతు నుంచి విద్యార్థి ఒకే ఊపిరితో పైకి ఈదాలి. నోట్లో రెగ్యులేటర్ అలాగే ఉంచి, సన్నగా “ఆ…” అంటూ గాలి వదులుతూనే రావాలి. మాస్టారు ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో విద్యార్థి జాకెట్ పట్టుకుని పక్కనే వస్తారు. ఆ శబ్దం ఆగిందా, అక్కడికక్కడే నిలబెట్టేస్తారు. నలుగురు విద్యార్థులుంటే మాస్టారు నాలుగుసార్లు దిగాలి, నాలుగుసార్లు ఎక్కాలి. ఇలా మాటిమాటికీ ఎక్కిదిగడం ఒంటికి మంచిది కాదని తెలిసీ చేసే పని ఇది. చేపలు చూపించి పెట్టే టూరిస్టు గైడ్లుగా వీళ్ళను లెక్కగట్టడం అన్యాయం.

నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. కొత్తవాళ్ళు సంతోషంతో బొటనవేలెత్తితే మాస్టారు మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంటారు.

విదేశాల్లో ఈ పని రుతువుల వెంట నడుస్తుంది. థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఆ నెలల్లో మాస్టార్లు అటుపక్క గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉన్న కో టావ్‌కో, ఇండోనేషియాకో తరలిపోతారు. జీతం చాలాచోట్ల నెలకింత అని ఉండదు, ఎంతమందికి నేర్పితే అంత. ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళకు గిరాకీ ఎక్కువ. టూరిస్టు వీసా మీద వెళ్ళి పనిచేయడం మాత్రం నేరం, వర్క్ పర్మిట్ కావాలి. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబర్ నుంచి 18–30 ఏళ్ళ భారతీయులకు ఏడాదికి 1,000 వర్క్ అండ్ హాలిడే వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తోంది. గ్రేట్ బారియర్ రీఫ్ పక్కన పనిచేయాలనుకునేవాళ్ళకు ఇది సక్రమమైన దారి.

తెలుగు తీరానికీ డైవింగ్ కొత్తేమీ కాదు. 1971 డిసెంబర్‌లో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని గుర్తించడానికి మన నేవీ డైవర్లు ఐఎన్ఎస్ నిస్తార్ నుంచి అడుగుకు దిగారు. అదే పేరుతో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త డైవింగ్ నౌక 2025 జూలై 18న నేవీలో చేరింది. దాని మీద నుంచి డైవర్లు 300 మీటర్ల దాకా దిగి పనిచేయగలరు. నేవీలో డైవర్లుగా చేసి రిటైరైనవాళ్ళు రుషికొండ దగ్గర మామూలు జనానికి కూడా స్కూబా నేర్పుతున్నారు. పండక్కి ఇంటికెళ్ళే ఉత్తరాంధ్ర పిల్లలు మొదటి డైవ్ అక్కడే చేయొచ్చు, అదీ తెలుగులోనే పాఠం వింటూ.