ఇంటి గొంతు

కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు స్కిజోఫ్రీనియాకు మాటలతో చేసే వైద్యం గురించి రాయమని ఎడిటర్ పది రోజుల గడువిచ్చారు. సైకాలజిస్టులు, వాళ్ల కొరత గురించి రాద్దామని కూర్చున్నాను. మూడోరోజు చేతికొచ్చిన ఒక పరిశోధన పత్రం నన్ను వదల్లేదు.

అది 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చింది. అమెరికా మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్, చెన్నై వైద్యురాలు ఆర్. పద్మావతి తదితరులు రాశారు. కాలిఫోర్నియాలోని శాన్ మాటియో, ఘనాలోని అక్రా, మన చెన్నై. ఒక్కోచోట గొంతులు వినిపించే 20 మంది రోగులను అడిగారు: నీ చెవిలో వినిపించే గొంతు ఎవరిది, ఏమంటుంది? అమెరికాలో ఎక్కువమందికి ముక్కూమొహం తెలియని గొంతులు, కొట్టమని చంపమని చెప్పే మాటలు. అక్రాలో చాలామందికి దేవుడు. చెన్నైలో చాలామందికి అయినవాళ్ల గొంతులే. పెద్దలు పిల్లలకు చెప్పినట్టు ఇంటిపనులు చెబుతాయి, తిడతాయి.

చదవగానే మన ఇండ్లు గుర్తొచ్చాయి. "లేవ్, తానం చెయ్యి. తిని పండుడేనా?" లోపలి గొంతూ, వాకిట్ల గొంతూ ఒకే యాసలో తిడుతుంటే జబ్బుపడ్డ పిల్లగాడు ఎటు పోవాలి?

ఈ ప్రశ్నకు పాత జవాబొకటి ఉంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ 1950లలోనే ఒక సంగతి పట్టుకున్నాడు: ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెడుతోంది. తర్వాత ఇంటివాళ్ల మాటలు టేపు మీద రికార్డు చేసి, నిందలు లెక్కపెట్టారు. మాట ఒక్కటే కాదు, అన్న తీరు కూడా లెక్కే. మితిమీరిన ఆరాటమూ లెక్కే. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ వేసిన లెక్క ప్రకారం, అలాంటి ఇళ్లలో తొమ్మిది నెలల్లో 51 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నెమ్మదైన ఇళ్లలో 13 శాతం మందికే.

తల్లుల వల్ల జబ్బు వస్తుందని దీనర్థం కాదు. ఆ మాట ఒకప్పుడు పెద్ద డాక్టర్లే అన్నారు, తప్పని తేలింది. అలసిన మనిషి గొంతు పెరుగుతుంది, అంతే. కుటుంబ చికిత్సలో నేర్పేది ఆ అలసటను దించుకోవడమే. పొద్దంతా పడుకోవడం బద్ధకం కాదు, జబ్బు లక్షణమని ముందు చెబుతారు. పనులన్నీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కటే చెప్పమంటారు. "నువ్వెప్పుడూ ఇంతే" బదులు "నిన్న గోలీ ఏస్కోలేదు, నాకు బుగులైంది" అనమంటారు. నిద్ర తగ్గడం, అనుమానం పెరగడం లాంటి తొలి గుర్తులు పట్టుకోవడం నేర్పుతారు. తల్లి రోజూ కొంతసేపు బయటికి వెళ్లడమూ వైద్యంలో భాగమే. గోలీలు మాత్రం ఆపకూడదు.

ఈ వైద్యాల చరిత్ర గబగబా: 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను ఉంచుకున్నాడు. 1952లో ఆరన్ బెక్ ఒక రోగి భ్రమను మాటలతో సడలించాడు, స్కిజోఫ్రీనియాకు చేసే సీబీటీకి (ఆలోచన తీరును మాటలతో మార్చే చికిత్సకు) అది బీజం. 1984లో శారదా మీనన్ చెన్నైలో స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్‌ను స్థాపించారు.

సీబీటీ మీద నాకు అంత నమ్మకం లేదు. ప్రయోజనం ఉంది, కానీ కొద్దిపాటిదే. పైగా శిక్షణ పొందిన మనిషి వారం వారం కూర్చోవాలి. ఉట్నూరు గూడేలకు ఎవరొస్తారు? నాకు ఆశ 2014లో లాన్సెట్‌లో వచ్చిన కాప్సీ అధ్యయనం మీద. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మంది. ఒక భాగానికి మామూలు వైద్యంతోపాటు, శిక్షణ పొందిన స్థానికులు ఇంటికెళ్లి నేర్పారు. మిగతావాళ్లకన్నా వాళ్లలో లక్షణాలు, రోజువారీ పనుల్లో ఇబ్బంది కొంత ఎక్కువే తగ్గాయి. ఇదే పని గోండిలో చెప్పగల ఆశా కార్యకర్తకు నేర్పొచ్చు కదా?

"గాలి సోకింది", "ఎవలో చేసిండ్రు" అని ముందు మంత్రగాడి దగ్గరికీ, వేములవాడ రాజన్న దగ్గరికీ పోయేవాళ్లను నేను తప్పుపట్టను. ఇల్లంతా వెంట పోతుంది, మనిషిని ఒంటరిగా వదలదు. నేర్పడానికి మనుషులు అక్కడే ఉన్నారు.

కత్తిరించి దాచుకోండి

టెలీ మానస్ (మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) 14416: 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

గొలుసులతో కట్టేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్ ప్రకారం నిషేధం.

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యంగా గుర్తించింది. పింఛనుకు వైకల్య ధ్రువీకరణ కావాలి.