పగలే కష్టమన్నా!

'ముఖచిత్ర కథనం వృద్ధాశ్రమాల మీద. గురువారం సాయంత్రానికి అందాలి' అన్నారు ఎడిటర్. బళ్లారి జిల్లా కురుగోడు వెళ్లొచ్చాక నేనే అంశాన్ని పగటి సంరక్షణకు మార్చాను.

అక్కడ ఆశ్రమం మాటెత్తితే ఒక కోడలు మొహం ముడుచుకుంది. 'రాత్రి అందరం ఉంటాం. పగలే కష్టమన్నా' అంది. పక్షవాతంతో అత్తకు ఎడమ చెయ్యి పడిపోయింది. ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి కోడలు మిరప కోతల కూలి మానుకుంది.

ఊరి సంగతి రెండు ముక్కల్లో: 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు చేరింది. ఇళ్లలో తెలుగు మాత్రం పోలేదు.

ఆ కోడలి మాట చెవిలో ఉండగానే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 తెరిచాను. 19వ సెక్షన్ జిల్లాకో వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు అంటుంది. అదీ 'నెలకొల్పవచ్చు' అనే గానీ 'నెలకొల్పాలి' అనదు. పొద్దున తీసుకెళ్లి సాయంత్రం ఇంటికి చేర్చే కేంద్రం ఊసు ఆ సెక్షన్‌లో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో ఆ ఊసు ఉంది. ఆశ్రమాలతో పాటు బహుళ సేవల డే కేర్ కేంద్రాలకూ రిజిస్ట్రేషన్, నియమాలు ఉండాలంది. 2024లో లోక్‌సభ రద్దయింది, బిల్లు మురిగిపోయింది. కోడలికి కావలసిన ఒక్క మాటా దాంతోనే పోయింది.

పగటి కేంద్రం ఊహల్లో పుట్టిన ఏర్పాటు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1973లోనే ఆన్ లోక్ సంస్థ ఇలాంటి కేంద్రం తెరిచింది. వైద్యం, వ్యాయామం, భోజనం అన్నీ పగలే. కేరళ పంచాయతీల్లో 'పకల్‌వీడు'లున్నాయి, అంటే పగటి ఇళ్లు.

నా అనుమానం నాకుంది. టీవీ, క్యారం బోర్డు పెట్టి డే కేర్ అని బోర్డు కడితే అది కాలక్షేపమే. పడిపోయిన చేతికి రోజూ వ్యాయామం చేయించాలి, బీపీ, షుగర్ చూడాలి, మందులు వేళకు మింగించాలి. అప్పుడే అది ఆరోగ్య సంరక్షణ. పూర్తిగా మంచం పట్టినవారికీ, రాత్రుళ్లు ఒంటరిగా ఉండేవారికీ ఇది చాలదు.

బాక్స్: చేర్చే ముందు అడగండి
• బండి గడప దాకా వస్తుందా?
• మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా?
• నర్సు రోజూ ఉంటుందా?
• రుసుమెంత? కర్ణాటక సంధ్యా సురక్ష వృద్ధాప్య పింఛను నెలకు 1,200, అంటే రోజుకు 40 రూపాయలు. సరిహద్దు దాటితే ఆంధ్రలో 4,000.
• వృద్ధుల సాయానికి ఫోన్: 14567

కర్ణాటక పంచాయతీల్లో కూలి తల్లుల పసిపిల్లలకు 'కూసిన మనె'లు తెరిచారు. అదే పద్ధతిలో పెద్దలకూ ఒక గది అడగండి. రాబోయే గ్రామసభలో ఈ అర్జీ మీ ఊరి కోడళ్లే ఇవ్వాలి.